మార్కాపురం ప్రాంత ఇంజనీరింగ్ విద్యార్థులకు వైర్‌లెస్ కమ్యూనికేషన్లపై నిపుణుల ఉపన్యాసాలు: నేపథ్యం, ప్రాధాన్యం, ప్రధానాంశాలు

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని ఇంజనీరింగ్ కళాశాలల నుండి ఏటా ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ విభాగపు పట్టభద్రులు వెలువడుతున్నారు. కాగా, అదే ప్రాంతంలో నల్లమల అంచున గల గూడేలలోను, కనుమ దారులలోను మొబైల్ సిగ్నల్ సరిగా అందని చోట్లు ఉన్నాయి. తరగతిలో నేర్చుకునే శాస్త్రానికి, ఇంటి వద్ద అనుభవమయ్యే ఇబ్బందికి మధ్యగల సంబంధాన్ని విద్యార్థి గుర్తించినప్పుడే ఆ చదువుకు సార్థకత చేకూరుతుంది. వైర్‌లెస్ కమ్యూనికేషన్లపై నిపుణులచే ఇప్పించే ఉపన్యాసాల ముఖ్యోద్దేశం ఇదే. ఈ విషయానికి సంబంధించిన సాంకేతిక, చారిత్రక, పాలనాపరమైన వివరాలు పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇందు పొందుపరచడమైనది.

ప్రాంత నేపథ్యం

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టబడింది. పలకల పరిశ్రమకు దేశవ్యాప్తంగా పేరొందిన మార్కాపురం, ప్రాచీన జలాశయం గల కంభం, అటవీ వ్యాపారానికి కూడలియైన గిద్దలూరు, గుంటూరు–నంద్యాల రైలు మార్గంపై ఉన్నాయి. పడమట నల్లమల, తూర్పున వెలిగొండ శ్రేణులు ఈ ప్రాంతానికి సహజ సరిహద్దులుగా నిలుస్తున్నాయి. నల్లమలలోని అధిక భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలోనిది. ఆ అడవిలోను, దాని అంచులలోను చెంచు గిరిజనులు నివసిస్తున్నారు.

మార్కాపురం పరిసరాలలోని డాక్టర్ శామ్యూల్ జార్జ్ ఇంజనీరింగ్ కళాశాల, కృష్ణచైతన్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్సెస్ వంటి విద్యాసంస్థలు కాకినాడలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పనిచేస్తున్నాయి. 2008లో ఈ విశ్వవిద్యాలయాన్ని కాకినాడ, హైదరాబాదు, అనంతపురం కేంద్రాలుగా విభజించినప్పుడు ప్రకాశం జిల్లాలోని కళాశాలలు కాకినాడ పరిధిలోకి వచ్చాయి. ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు వంటి నగరాలకు దూరంగా ఉన్న ఈ కళాశాలల విద్యార్థులకు పరిశ్రమతో, పరిశోధనా సంస్థలతో ప్రత్యక్ష పరిచయం కలిగే సందర్భాలు తక్కువ. ఆ లోటును కొంతమేరకైనా పూరించగలిగినవి నిపుణుల ఉపన్యాసాలే.

ఉపన్యాసాలకు తోడ్పడే సంస్థలు

1953లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్, టెలికమ్యూనికేషన్ ఇంజనీర్ల సంస్థ ఐఈటీఈ, భారతీయ సాంకేతిక విద్యా సంఘం ఐఎస్‌టీఈ, అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ విద్యార్థి శాఖలు ఇటువంటి కార్యక్రమాలకు సాధారణంగా తోడ్పడుతుంటాయి. భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ఇంజనీర్లు, ఐఐటీల ఆచార్యులు, టెలికాం సంస్థల నెట్‌వర్క్ రూపకర్తలు వక్తలుగా ఉపయోగపడగలరు. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలసి నిర్వహిస్తున్న ఎన్‌పీటెల్ పాఠాలు ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా లభిస్తున్నాయి. అయితే వీడియో పాఠంలో లభించనిది ఒకటున్నది. విద్యార్థి తన ఊరి కొండను చూపి, సిగ్నల్ ఎందుకు రావడం లేదని అడిగినప్పుడు, ఆ కొండనే దృష్టాంతంగా తీసుకొని వివరించగలవాడు ఎదుటనున్న నిపుణుడే.

వైర్‌లెస్ పరిజ్ఞానం: క్రమవికాసం

విద్యుదయస్కాంత తరంగాల సిద్ధాంతాన్ని జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ 1865లో ప్రకటించారు. హైన్‌రిచ్ హెర్ట్జ్ 1887–88లో ఆ తరంగాలను ప్రయోగశాలలో నిరూపించారు. ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో తరంగాల ప్రసారాన్ని బహిరంగంగా ప్రదర్శించారు. ఆయన మిల్లీమీటర్ల పొడవు గల తరంగాలతో ప్రయోగాలు చేయడం విశేషం. శతాబ్దం గడచిన తరువాత 5జీ సేవలకై 26 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని కేటాయించినప్పుడు ప్రపంచం తిరిగి ఇంచుమించు ఆ తరంగాల వద్దకే చేరింది. 1901లో మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సంకేతాన్ని పంపారు. ఒక మార్గంలో ఎంత సమాచారం దోషరహితంగా పంపవచ్చునో 1948లో క్లాడ్ షానన్ గణితపరంగా తేల్చారు.

ప్రదేశాన్ని చిన్న చిన్న సెల్స్‌గా విభజించి, అవే పౌనఃపున్యాలను తగినంత దూరంలో మరల ఉపయోగించే ఆలోచన 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నది. చేతిలో ఇమిడే సెల్‌ఫోన్ నుండి తొలి కాల్‌ను 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్క్‌లో చేశారు. 1991లో ఫిన్లాండ్‌లో జీఎస్ఎం సేవలు ఆరంభమయ్యాయి. భారతదేశంలో 1995 జూలై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో జరిపిన సంభాషణతో మొబైల్ యుగం మొదలైనది. 1997లో టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ ఏర్పడింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఆవిర్భవించింది. 3జీ సేవలు 2008లోను, 4జీ సేవలు 2012లోను, 5జీ సేవలు 2022 అక్టోబరు 1న దేశంలో ప్రారంభమయ్యాయి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానే పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది.

కొండ ప్రాంతంలో సిగ్నల్: ముఖ్య సూత్రాలు

ఉపన్యాసాలలో ప్రధానంగా చర్చకు రావలసిన అంశాలు పశ్చిమ ప్రకాశం భౌగోళిక స్థితితో ముడిపడి ఉన్నాయి.

దూరం, పౌనఃపున్యం: అడ్డంకి లేని ఆకాశ మార్గంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు, అనగా 6 డెసిబెల్స్ మేరకు తగ్గుతుంది. ఒకే విధమైన యాంటెనాలతో 700 మెగాహెర్ట్జ్ కంటే 3,500 మెగాహెర్ట్జ్‌లో నష్టం సుమారు 14 డెసిబెల్స్ అధికం. విశాలమైన గ్రామీణ ప్రాంతానికి తక్కువ పౌనఃపున్యం, జనసాంద్రత గల పట్టణానికి ఎక్కువ పౌనఃపున్యం అనుకూలమని చెప్పడానికి ఇదొక కారణం.

కొండ నీడ: టవర్‌కు, ఫోన్‌కు మధ్య సరళరేఖను కొండ శిఖరం సరిగ్గా తాకినంత మాత్రాననే 6 డెసిబెల్స్ నష్టం వాటిల్లుతుంది. శిఖరం ఆ రేఖను దాటి పైకి లేచిన కొలదీ నష్టం పెరుగుతూ పోతుంది. తరంగాలు శిఖరం మీదుగా కొంతమేరకు వంగి ఆవలి వైపు దిగుతాయి. పౌనఃపున్యం తగ్గినకొలదీ ఈ వంపు అనుకూలంగా ఉంటుంది. 40 మీటర్ల ఎత్తు గల టవర్‌కు చదునైన నేలపై రేడియో క్షితిజం సుమారు 26 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అదే టవర్ కొండ మొదట్లో ఉన్నట్లయితే ఆవలి గూడేనికి 3 కిలోమీటర్ల దూరమే అయినప్పటికీ సిగ్నల్ అందకపోవచ్చును. టవర్ల సంఖ్యను బట్టి మాత్రమే సేవల స్థితిని అంచనా వేయడం సరికాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఫోన్ బలం: టవర్ నుండి ఒక ప్రసారిణి సాధారణంగా 20 వాట్ల శక్తితో పంపుతుంది. ఫోన్ పంపగలిగేది సుమారు 0.2 వాట్లు మాత్రమే. రెండింటికీ నడుమ నూరు రెట్ల వ్యత్యాసమున్నది. టవర్ వద్ద సున్నితమైన గ్రాహకాలు ఈ లోటును కొంత పూడ్చినా, సెల్ అంచున ఫోన్ తెరపై సిగ్నల్ గీతలు కనిపిస్తూనే కాల్ కలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. టవర్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ మాట టవర్‌కు చేరదు.

టవర్‌కు చేరే మార్గం: టవర్ నిర్మించినంత మాత్రాన సేవ అందదు. దానిని ప్రధాన నెట్‌వర్క్‌తో ఫైబర్ ద్వారా గాని, మైక్రోవేవ్ లింకు ద్వారా గాని, ఉపగ్రహం ద్వారా గాని కలపవలసి ఉంటుంది. 7 గిగాహెర్ట్జ్ వద్ద 10 కిలోమీటర్ల మైక్రోవేవ్ లింకు నడిమి భాగంలో దృష్టి రేఖ చుట్టూ సుమారు 10 మీటర్ల వ్యాసార్థం గల తొలి ఫ్రెనెల్ మండలం ఏర్పడుతుంది. అందులో కనీసం 60 శాతం మేరకు చెట్లు, గుట్టలు అడ్డు రాకుండా చూడాలి. చెట్లు ఏటా పెరుగుతాయి గనుక అటవీ ప్రాంతపు లింకులకు ఎత్తును ముందుచూపుతో నిర్ణయించవలసి ఉంటుంది.

కదలిక: గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సాగే రైలులో 1,800 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పౌనఃపున్యం డాప్లర్ ప్రభావం వల్ల గరిష్ఠంగా 167 హెర్ట్జ్ మేరకు మారుతుంది. ఆధునిక గ్రాహకాలు ఈ మార్పును సరిదిద్దుకోగలవు. గిద్దలూరు దాటిన తరువాత దిగువమెట్ట మీదుగా నల్లమలలో సాగే రైలు మార్గంలో కాల్స్ తెగిపోవడాన్ని వేగానికి గాక, కొండ కోతలకు, టవర్ల నడుమ దూరానికి ఆపాదించడం సమంజసం.

అనేక యాంటెనాలు: కొండల నుండి, కట్టడాల నుండి ప్రతిఫలించి పలు మార్గాలలో వచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి సిగ్నల్‌ను క్షీణింపజేస్తాయి. ఈ అవరోధాన్నే అవకాశంగా మలచిన పరిజ్ఞానం మైమో. పలు యాంటెనాల ద్వారా వేర్వేరు సమాచార ధారలను ఏకకాలంలో పంపే ఈ పద్ధతిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ 1992లో ప్రతిపాదించారు. భారత నౌకాదళంలో సోనార్ పరికరాల రూపకల్పనకు సారథ్యం వహించిన ఆయనకు 2010లో పద్మభూషణ్, 2014లో మార్కోనీ బహుమతి లభించాయి. నేటి 4జీ, 5జీ, వైఫై పరికరాలన్నింటికీ ఈ పరిజ్ఞానమే ఆధారం.

పల్లెల కోసం స్వదేశీ పరిశోధన

గ్రామీణ అవసరాలకు తగిన వైర్‌లెస్ పరికరాల కోసం దేశంలో దీర్ఘకాలంగా కృషి జరుగుతున్నది. 1990వ దశకంలో గ్రామాలలో పబ్లిక్ టెలిఫోన్ల ఏర్పాటుకు మార్ అనే రేడియో వ్యవస్థను ఉపయోగించారు. అవి తరచు మొరాయించడంతో క్రమేణా వాటి స్థానే వైర్‌లెస్ లోకల్ లూప్ పరికరాలను అమర్చవలసి వచ్చింది. అదే కాలంలో మద్రాసు ఐఐటీలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం కార్‌డెక్ట్ వ్యవస్థను అభివృద్ధి చేసింది. అడ్డంకి లేని మార్గంలో 10 కిలోమీటర్ల వరకు, మధ్యలో రిలే కేంద్రం ఉంటే 25 కిలోమీటర్ల వరకు టెలిఫోన్, ఇంటర్నెట్ సేవలను అందించడం దాని ప్రత్యేకత.

5జీ ప్రమాణాల రూపకల్పనలో ఈ కృషి మరొక మెట్టు పైకి చేరింది. భారతీయ గ్రామాలు విస్తారంగా ఉంటాయి, ప్రజల కదలిక వేగం తక్కువ, గ్రామ కూడలి నుండి చుట్టుపక్కల పల్లెలకు సేవ అందాలి. ఈ పరిస్థితిని పరిగణనలోకి తీసుకోవాలని భారతదేశం కోరిన మీదట, టవర్ల నడుమ 6 కిలోమీటర్ల దూరం గల గ్రామీణ సెల్‌ను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 5జీ పరీక్షాంశాలలో చేర్చింది. హైదరాబాదు ఐఐటీ, మద్రాసు ఐఐటీ తదితర సంస్థల పరిశోధన ఆధారంగా టీఎస్‌డీఎస్ఐ రూపొందించిన 5జీఐ ప్రమాణాన్ని ఆ సంఘం 2020లో ఆమోదించింది. ఫోన్ నుండి టవర్‌కు వెళ్లే బలహీనమైన సిగ్నల్‌ను మరింత దూరం చేర్చే తరంగ రూపం ఇందులో కీలకం. తదనంతరం ఆ ప్రమాణంలోని అంశాలు ప్రపంచవ్యాప్త 3జీపీపీ ప్రమాణాలలో విలీనమయ్యాయి. సెల్ అంచున ఫోన్ మాట టవర్‌కు చేరకపోవడమనే సమస్యను హైదరాబాదులోని పరిశోధకులు అంతర్జాతీయ వేదికపై పరిష్కరించడానికి యత్నించారన్న విషయం మార్కాపురం విద్యార్థికి ఉత్సాహం కలిగించదగినది.

ప్రభుత్వ పథకాలు

సేవలు అందని గ్రామాలకై కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో ఐదు రాష్ట్రాలలోని 44 ఆకాంక్షిత జిల్లాలకు ఒక పథకాన్ని మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్ నుండి నాటి విశాఖపట్నం, విజయనగరం, వై.ఎస్.ఆర్. కడప జిల్లాలే ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉన్నందున ప్రకాశం జిల్లాకు అందులో స్థానం లేదు. అందువల్ల 2022 జూలైలో రూ. 26,316 కోట్ల అంచనాతో ఆమోదించిన 4జీ సంతృప్త పథకం ఇటువంటి జిల్లాలకు ముఖ్యమైనది. దేశవ్యాప్తంగా సేవలు అందని 24,680 గ్రామాలను దీని క్రింద గుర్తించారు. ఈ పథకాన్ని బీఎస్ఎన్ఎల్ స్వదేశీ పరికరాలతో అమలు చేయాలని నిర్ణయించారు. ఆ స్వదేశీ 4జీ వ్యవస్థను 2025 సెప్టెంబరు 27న ప్రధానమంత్రి ఒడిశాలోని ఝార్సుగూడలో జాతికి అంకితం చేశారు.

ఆదిమ గిరిజన సమూహాల సంక్షేమానికై 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకంలోని 11 అంశాలలో మొబైల్ టవర్ల ఏర్పాటు ఒకటి. చెంచులు ఈ సమూహాలలో చేరినవారే గనుక నల్లమల గూడేలకు ఈ అంశం వర్తిస్తుంది. గృహం, రహదారి, విద్యుత్తు, తాగునీరు వలెనే మొబైల్ సిగ్నల్‌ను కూడ కనీస అవసరంగా పరిగణించడం గమనార్హం. 108 వాహనాన్ని పిలవాలన్నా, బయోమెట్రిక్ ద్వారా చౌక ధరల దుకాణంలో సరకులు పొందాలన్నా, ఉపాధి హామీ కూలీల హాజరు నమోదు కావాలన్నా నెట్‌వర్క్ అవసరమైన రోజులివి. సిగ్నల్ లేని గూడెంలో ఆలస్యమయ్యేది కేవలం సంభాషణ కాదు, హక్కుగా అందవలసిన సేవ.

రాష్ట్ర ప్రభుత్వం 2015లో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ తీగలను గ్రామాలకు చేర్చింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ సేవలను ప్రారంభించారు. ఇటువంటి ఫైబర్ చేరువలో ఉన్నచోట టవర్‌ను నెట్‌వర్క్‌తో కలపడం సులభతరమవుతుంది. అభయారణ్యంలో టవర్, తీగల మార్గం, విద్యుత్ సరఫరాలకు అటవీ, వన్యప్రాణి అనుమతులు అవసరం. అడవికి హాని కలగని స్థలాన్ని, ఎత్తును ముందుగానే లెక్క కట్టి చూపగల ఇంజనీరు ఇరుపక్షాలకూ ఉపయోగపడతాడు.

విపత్తుల సమయంలో వైర్‌లెస్

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తు, మొబైల్ సేవలు స్తంభించాయి. అటువంటి వేళల్లో టవర్లపై ఆధారపడని హామ్ రేడియో అక్కరకు వస్తుంది. 2004 డిసెంబరు సునామీ సమయంలో అండమాన్‌లో ఉన్న హామ్ రేడియో బృందం ప్రధాన భూభాగంతో సమాచార సంబంధాలు నెలకొల్పింది. ఈ రంగంలో శిక్షణనిచ్చే జాతీయ హామ్ రేడియో సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. 12 సంవత్సరాలు నిండిన వారెవరైనా నిర్ణీత పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవచ్చును. కళాశాలలో ఇటువంటి కేంద్రం ఒకటి ఉన్నట్లయితే, తరంగాల నడకను విద్యార్థులు ప్రత్యక్షంగా పరిశీలించడమే గాక, అవసరమైనప్పుడు జిల్లా యంత్రాంగానికి తోడ్పడగలరు.

విద్యార్థులు చేపట్టదగిన ప్రాజెక్టులు

865–868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాలలో నిర్ణీత శక్తి పరిమితులకు లోబడి పనిచేసే ఆమోదిత పరికరాలకు విడిగా లైసెన్సు అవసరం లేదు. తక్కువ విద్యుత్తుతో కొద్దిపాటి సమాచారాన్ని దూరాలకు పంపే లోరా పరికరాలు వీటిలో మొదటి పట్టీలో పనిచేస్తాయి. ఫ్లోరైడ్, నీటి ఎద్దడి సమస్యలు గల ఈ ప్రాంతంలో బోరుబావుల నీటి మట్టాన్ని, చెరువుల నీటి నిల్వను, పంట నేలల తేమను గమనించే పరికరాలను విద్యార్థులు స్వల్ప వ్యయంతో రూపొందించవచ్చును.

మరొక ఉపయుక్తమైన పని సిగ్నల్ సర్వే. సాధారణ ఫోనులోని ఉచిత అనువర్తనాల ద్వారా ఒక్కో గ్రామంలో అందే శక్తిని కొలిచి, పటంపై గుర్తించవచ్చును. మైనస్ 100 డీబీఎం అనగా ఒక వాట్‌లో పది లక్షల కోట్ల వంతు మాత్రమే. ఇంత స్వల్ప శక్తిని గ్రహించి ఫోన్ పనిచేస్తున్నదని తెలిసినప్పుడు విద్యార్థికి శాస్త్రంపై గౌరవం, సమస్యపై అవగాహన రెండూ కలుగుతాయి. కొలతలతో కూడిన వినతి, కొలతలు లేని ఫిర్యాదు కంటే త్వరగా పరిశీలనకు నోచుకుంటుంది.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

టవర్ల రేడియేషన్‌పై ప్రజలలో తరచు ఆందోళన వ్యక్తమవుతుంటుంది. 2012 సెప్టెంబరు 1 నుండి భారతదేశం అంతర్జాతీయ మార్గదర్శక పరిమితిలో పదో వంతును తన పరిమితిగా పాటిస్తున్నది. ఆ ప్రకారం 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1,800 మెగాహెర్ట్జ్ వద్ద 0.9 వాట్లు మించరాదు. 2017లో ప్రారంభమైన తరంగ్ సంచార్ వెబ్‌సైట్ ద్వారా టవర్ల వివరాలు తెలుసుకోవచ్చును. రుసుము చెల్లించి కొలతలు కోరే సదుపాయం కూడ కల్పించబడింది. టవర్ దూరమైన కొలదీ ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది గనుక, ఊరి నుండి టవర్‌ను తొలగించడం వల్ల చెవి వద్దనున్న ఫోన్ నుండి వెలువడే శక్తి తగ్గదు, పెరుగుతుంది.

అనుమతి లేని సిగ్నల్ బూస్టర్లను ఇళ్లపై అమర్చడం చట్టవిరుద్ధం. ఒక ఇంటికి మేలు చేసే ఆ పరికరం టవర్ వద్ద గోలను పెంచి ఊరంతటికీ సేవలను దెబ్బతీయగలదు.

ఒక గ్రామానికి సేవలు అందుతున్నాయని నివేదించేటప్పుడు నాలుగు విషయాలను పరిశీలించడం మేలు: గ్రామ కేంద్రంలోనే గాక శివారు గూడెంలో కూడ సిగ్నల్ అందుతున్నదా, కాల్ ఇరువైపులా స్పష్టంగా వినిపిస్తున్నదా, విద్యుత్తు పోయిన తరువాత టవర్ ఎంతసేపు పనిచేస్తున్నది, ఫైబర్ లేదా మైక్రోవేవ్ మార్గానికి ప్రత్యామ్నాయం ఉన్నదా.

నిపుణుల ఉపన్యాసం ఒక పూటతో ముగుస్తుంది. దాని ప్రయోజనం మాత్రం తరువాత జరిగే పనిపై ఆధారపడి ఉంటుంది. ఉపన్యాసానికి ముందు విద్యార్థులు తమ గ్రామాల సిగ్నల్ కొలతలను సేకరించడం, వక్త సమక్షంలో వాటిని చర్చించడం, ఆపై ఫలితాలను కళాశాల ద్వారా మండల అధికారులకు, టెలికాం శాఖకు అందజేయడం అనే పద్ధతిని పాటించినట్లయితే, పాఠం పరీక్షతో ముగిసిపోదు. నల్లమల అంచున గల ఏ గూడెం టవర్ నీడలో ఉన్నదో, ఏ గూడెం కొండ నీడలో ఉన్నదో తేల్చి చెప్పే సమాచారం మార్కాపురం విద్యార్థుల చేతనే సిద్ధమవుతుంది.